దగ్గరివారి సంతోషం

రాజు ధర్మాత్ముడైతే రాజ్యం చల్లగా ఉంటుందని మన పెద్దలు నమ్మారు. క్రీస్తుపూర్వం 551లో చైనాలోని లూ రాజ్యంలో జన్మించిన కన్ఫ్యూషియస్ ఈ విశ్వాసాన్నే ఒక రాజనీతిగా తీర్చిదిద్దాడు. ఆయన బోధనకు మూలం 'రెన్' అనే భావం. ఆ చైనా అక్షరంలో మనిషిని తెలిపే గుర్తు, రెండును తెలిపే గుర్తు కలిసి ఉంటాయి. తెలుగులో దానిని మానవత్వమనీ, ఉర్దూలో ఇన్సానియత్ అనీ చెప్పుకోవచ్చు. ఈ గుణం పాలకునికీ ప్రజకూ మధ్య లోపించిననాడు అధికారం కేవలం బలప్రయోగమే అవుతుంది.

మంచి పాలన అంటే ఏమిటని షె ప్రాంతాధిపతి ఒకమారు ఆయనను ప్రశ్నించాడు. దగ్గరివారు సంతోషించటం, దూరపువారు తామై తరలిరావటం దాని లక్షణాలని ఆయన సమాధానంలోని సారాంశం. ఇందులోని వరుసక్రమం గమనింపదగినది. మొదట దగ్గరివారు, ఆ తరువాతనే దూరపువారు.

ఈ కొలమానంతో మన భోగాపురాన్ని పరిశీలిద్దాం. విమానాశ్రయం కోసం 2015లో ప్రభుత్వం ఇక్కడ 5,000 ఎకరాలకు పైగా భూమిని సేకరించదలచింది. కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు తోటల మీద బ్రతికే రైతులు ఎదురు నిలిచారు, న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. చివరకు ఆ లెక్క సుమారు 2,200 ఎకరాలకు దిగింది. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మే 3న మరొక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 1922లో మన్యం ప్రజల పక్షాన తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజు పేరును దానికి పెట్టారు.

విమానాశ్రయం వద్దని నా వాదం కాదు. కూలికోసం తరతరాలుగా వలసపోతున్న ఉత్తరాంధ్రకు అభివృద్ధి అత్యవసరం. నా ప్రశ్న ఒక్కటే: 2,200 ఎకరాలతో జరిగే పనికి 5,000 ఎకరాలు అడిగే ముందు, ఆ నేల మీద ఉన్నవారిని పిలిచి ఎందుకు మాట్లాడలేదు?

పాలకుని దయాగుణాన్ని నమ్ముకోవటం ప్రజాస్వామ్యానికి తగదని కొందరు అనవచ్చు. అది నిజమే. 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టం నష్టపరిహారాన్నీ పునరావాసాన్నీ హక్కులుగా గుర్తించింది. హక్కు ఉన్నచోట బిచ్చమెత్తవలసిన పని లేదు. అయితే చట్టం ఎకరాలను కొలుస్తుంది, చెట్లను లెక్కపెడుతుంది. ఊరు విడిచిపోయే ముసలితల్లి మాటను ఓపికగా వినేది మనిషి మాత్రమే. కేవలం శిక్షాభయంతో నడిచే ప్రజలు తప్పించుకునే దారులు వెదుకుతారనీ, సిగ్గును కోల్పోతారనీ కన్ఫ్యూషియస్ హెచ్చరించాడు. పాలకులకూ ఆ హెచ్చరిక వర్తిస్తుంది. చట్టంలోని అక్షరాన్ని మాత్రమే పాటించే అధికారి దాని ఆశయాన్ని తప్పించుకోగలడు.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు సర్పంచులు, తహసీల్దార్లు, శాసనసభ్యులు కావచ్చు. సంతకం చేసే ముందు, దానివల్ల ఇల్లు కదలవలసినవారిని ఒక్కమారు ఎదుట కూర్చోబెట్టుకొని వినండి. ఒక రాష్ట్రానికైనా, ఒక కళాశాలకైనా ఇదే నీతి. విమానాలు దూరపువారిని తీసుకురాగలవు. దగ్గరివారిని సంతోషపెట్టవలసినది మాత్రం పాలకుడే.