దారికి అడ్డుపడిన కాగితం

2021 మే నెలలో కర్నూలు దాటి తుంగభద్ర వంతెన ఎక్కిన అంబులెన్సులు ఆవల పుల్లూరు టోల్‌గేటు వద్ద ఆగిపోయాయి. లోపల రోగికి ఊపిరి అందడం లేదు. బయట పోలీసులు కాగితం అడుగుతున్నారు. హైదరాబాదు ఆసుపత్రి ముందుగా మంచం ఇస్తానని ఒప్పుకోవాలట, ఆపైన కంట్రోల్ రూము అనుమతి ఇవ్వాలట, అప్పుడే దారి. అప్పటికి హైదరాబాదు చట్టరీత్యా రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధాని. మంచాలు చాలడం లేదన్న తెలంగాణ ప్రభుత్వ బాధ అబద్ధం కాదు. అయినా పల్లెటూరి రైతు తండ్రిని అంబులెన్సులో పెట్టుకుని, ఆసుపత్రులకు ఫోన్లు చేసి అనుమతి సంపాదించేది ఎప్పుడు? ఆ ఉత్తర్వును తెలంగాణ హైకోర్టు మే 14న నిలిపివేసింది.

అదే ఏడాది టీకా కాగితం వంతు వచ్చింది. ఆగస్టు 15 నుంచి బొంబాయి లోకల్ రైళ్లలో మామూలు ప్రయాణికులు ఎక్కాలంటే రెండు డోసులూ పడి 14 రోజులు గడవాలన్నారు. 18 నుంచి 44 ఏళ్ల వారికి టీకా మొదలైందే మే నెలలో. అదీ మొదట్లో ఫోనులో పేరు నమోదు చేసుకున్నవారికే. కోవిషీల్డు డోసుల మధ్య ఎడం 84 రోజులు. పాలమూరు నుంచి అక్కడికి కూలికి పోయినవాడు మే నెలాఖరున మొదటి సూది వేయించుకున్నా, ఆగస్టు 15 నాటికి ఆ కాగితం అతని చేతికి వచ్చే వీలే లేదు. టీకా వద్దన్నవాడినే కాదు, వేయించుకుంటానన్నవాడినీ ఆ నిబంధన ప్లాట్‌ఫారం మీదే నిలబెట్టింది.

టీకా మేలు చేసేదే. మశూచి మన ఊళ్లను వదిలింది టీకాతోనే. అయితే సూది వేయడం ఒకటి, కాగితం లేదని దారి మూయడం మరొకటి. 2022 మే 2న సుప్రీంకోర్టు ఈ తేడానే చూపింది. ఎవరికీ బలవంతాన టీకా వేయరాదని, రాజ్యాంగం 21వ అధికరణం ఆ రక్షణ ఇస్తుందని చెప్పింది. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టవచ్చు గాని అవి అవసరానికి మించరాదన్నది. వ్యాధి తగ్గి ఉన్న ఆనాటి స్థితిలో, టీకా వేసుకోనివారిపై ఆంక్షలు తగవన్నది.

రేపు మరో అంటురోగం రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మళ్లీ గేటు వేయవలసివస్తే, అది ఎన్ని రోజులకో ఉత్తర్వులోనే రాయాలి. తెలుగులో అచ్చువేసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. కాగితం అడిగే చోటే సూదిమందూ, కాగితం రాసిచ్చే మనిషీ ఉండాలి. అంబులెన్సును మాత్రం ఏ కాగితమూ అడగకుండా వదిలిపెట్టాలి.