నిష్కామకర్మ – నేతగాని మూల్యం

పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఒక నేతగాడు స్వహస్తాలతో నేసిన దుప్పట్లను పరచి కూర్చున్నాడనుకుందాం. కొనవచ్చినవాడు సగం ధరకు బేరమాడి, "ఫలాపేక్ష కూడదని గీత చెప్పలేదా?" అంటాడు. ఇది గీతార్థానికే అపచారం.

నిష్కామకర్మ కర్తకు చేసిన ఉపదేశం. అతని శ్రమను హరించుమని ఇతరులకిచ్చిన అనుమతి కాదు. ఫలాసక్తి వేరు, జీవనభృతి వేరు. మొదటిది బంధహేతువు, రెండవది లేనినాడు మగ్గమే ఆగిపోతుంది, స్వధర్మాచరణకు ఆధారమే ఉండదు.

మహాభారత శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి ధర్మరహస్యం తెలుసుకొనడానికి వెళ్ళింది మరొక ఆశ్రమానికి కాదు. కాశీలో తులాధారుడనే వర్తకుని వద్దకు. ఆ వర్తకుని త్రాసు సర్వభూతములయందు సమం. అటువంటి త్రాసును అమ్మేవాని కల్తీ ఒకవైపు వంచితే, కొనేవాని లోభం మరొకవైపు వంచుతుంది.

1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. ఒంటరి నేతగాడు బేరానికి లొంగక తప్పని చోట సంఘబలమే త్రాసును సరిచేయగలదు.

ఎమ్మిగనూరు దుప్పటియైనా, ఆలూరు వైపు కురుబల కంబళియైనా, న్యాయమైన మూల్యం చెల్లించడం దయ కాదు, కొనేవాని స్వధర్మం. పరునికి నిష్కామత్వం బోధించేముందు మన కామాన్ని మనం తూచుకొందాం.