పేరుపేరున ప్రార్థించుదము



మన సంఘములలో ఆదివారపు విజ్ఞాపన ప్రార్థనకు ఒక వరుస ఉన్నది. రోగులు, విధవరాండ్రు, పరీక్షలు వ్రాయు పిల్లలు, వానలు, పంటలు, పాలకులు, అందరిని తలంచుకొందుము. చివరకు లోకమంతట ప్రభువు నిమిత్తము శ్రమపడుచున్న వారిని కాపాడుమని ఒక్క మాట చెప్పి ఆమేన్ అందుము. ఆ మాట మంచిదే. అయితే సంఘములోని అవ్వగారి మోకాలి నొప్పికి పేరు పెట్టి ప్రార్థించు మనము, ప్రాణము మీదికి వచ్చిన సహోదరులను పేరు లేక, ఊరు లేక, ఒక్క మూటగా కట్టి దేవుని సన్నిధిలో దించి ఇంటికి వెళ్లుచున్నామేమో ఆలోచింపవలెను.

హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము 3వ వచనము మనలో చాలామందికి కంఠతా వచ్చును. చెరలో ఉన్నవారిని తలంచునప్పుడు మనమును వారి ప్రక్కనే సంకెళ్లతో ఉన్నట్టు తలంచవలెనని దాని భావము. అట్లు తలంచవలెనంటే వారెవరో, ఎక్కడివారో, ఏ పని చేసుకొని బ్రదికెడివారో కొంతైనను తెలియవలెను గదా!

ఐగుప్తు దేశములో మిన్యా ప్రాంతమున అల్ ఔర్ అను పల్లె ఉన్నది. ఊరిలో పని చాలక అక్కడి యువకులు పొరుగు దేశమైన లిబియాకు కూలికి పోయి, సంపాదించినది ఇంటికి పంపెడివారు. 2014 డిసెంబరు చివరను, 2015 జనవరి మొదటను లిబియాలోని సిర్తే పట్టణములో క్రైస్తవ కూలీలను సాయుధులు పట్టుకొనిపోయిరి. మొత్తము 21 మంది. వారిలో 20 మంది కోప్తు సంఘమునకు చెందిన ఐగుప్తీయులు, ఒకడు ఘానా దేశస్థుడైన మాథ్యూ అయారిగా. ఆ 20 మందిలో 13 మంది అల్ ఔర్ పల్లెవారే. 2015 ఫిబ్రవరి 15న, వారిని సముద్రపు ఒడ్డున చంపిన దృశ్యమును హంతకులే లోకమునకు చూపిరి. చివరి గడియలో వారి నోట యేసు నామము వినబడెను.

ఇది మనకు దూరపు సంగతి కాదు. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల పల్లెలనుండి ఎందరు బిడ్డలు అప్పుచేసి పరదేశములకు పోలేదు? అదే సిర్తే వద్ద 2015 జూలైలో మన తెలుగువారైన ఇద్దరు అధ్యాపకులు అపహరింపబడి, 2016 సెప్టెంబరులో గాని విడుదల కాలేదు. కొడుకు ఫోను రాని రాత్రి ఎంత పొడవుగా ఉండునో మన తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు. అల్ ఔర్ తల్లులు గడిపినవి అటువంటి రాత్రులే.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. ఆ కుటుంబములు ప్రార్థింపలేదా? ప్రార్థించెను. మరి వారు తిరిగి రాలేదు గదా. ఆ ప్రార్థనలన్నియు ఏమైనట్టు?

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయము తెరచి చూడుడి. హేరోదు యాకోబును చంపించెను. తరువాత పేతురును చెరలో వేయించగా సంఘము మరియ ఇంట కూడి ప్రార్థించెను. పేతురు వచ్చి తలుపు తట్టెను. ఒకే సంఘము, ఒకే రాజు, ఒకే దేవుడు. ఒకని శవము వచ్చెను, ఒకడు సజీవుడై వచ్చెను. ఎందుకిట్లు జరిగెనో లూకా వ్రాయలేదు. వ్రాయనిదానిని మేమును కల్పించి చెప్పము. యాకోబును పోగొట్టుకొన్న సంఘము పేతురు కొరకు మోకరించుట మానలేదన్నది మాత్రము స్పష్టముగా ఉన్నది.

అల్ ఔర్‌లోను మనము చూడదగినది ఒకటున్నది. ఇద్దరు సోదరులను పోగొట్టుకొన్న ఒకాయన క్రైస్తవ టెలివిజనులో మాట్లాడుచు, వారి విశ్వాసపు చివరి మాటలను కోసివేయక వినిపించినందుకు హంతకులకే కృతజ్ఞత చెప్పెను. చంపినవాడు ఎదురుపడిన ఏమి చేతువని తల్లిని అడుగగా, ఇంటిలోనికి పిలుతునని ఆమె చెప్పినదనెను. అటుతరువాత ఆ హంతకుల కన్నులు తెరువుమని దేవుని వేడుకొనెను. ఆ ఇంట ఆ సమయమున ద్వేషము పుట్టకుండుట చిన్న సంగతియా? ప్రార్థనకు ఇదియు ఒక జవాబేయని మేము నమ్ముచున్నాము.

ఇప్పుడు ఎరిత్రియ వైపు చూతము. 2002 మే మాసములో ఆ ప్రభుత్వము ఆర్థొడాక్స్, కతోలిక, లూథరన్ సంఘములను తప్ప మిగిలిన క్రైస్తవ సంఘములన్నిటిని మూసివేయించెను. ఇండ్లలో కూడి ప్రార్థించినవారిని చెరపట్టిరి. హెలెన్ బెర్హానె అను సువార్త గాయని 2004 మే మాసమున పట్టుబడి, ఓడలలో సరుకు పంపు ఇనుప పెట్టెలో బంధింపబడెను. మే మాసపు ఎండలో రేకుల ఇంట మధ్యాహ్నము గడిపినవారికి ఆ పెట్టెలోని పగలు ఎట్టిదో తెలియును. దెబ్బలచే ఆరోగ్యము చెడిన తరువాత ఆమె 2006 చివరలో విడుదలై డెన్మార్కు చేరెను. అనుమతి ఉన్న సంఘమును తప్పించుకొనలేదు. ఆర్థొడాక్స్ పాత్రియార్కు అయిన అబూనె అంతోనియోస్ గారిని పదవినుండి తొలగించి గృహనిర్బంధములో ఉంచగా, ఆయన ఆ నిర్బంధములోనే 2022 ఫిబ్రవరిలో ప్రభువునందు నిద్రించిరి.

ఇట్టివారి కొరకు ఏమని ప్రార్థింపవలెను? విడుదల కొరకు తప్పక అడుగవలెను. అయితే పౌలు ఎఫెసీయులకు వ్రాయుచు, సంకెళ్లలో ఉండియు, సువార్తను ధైర్యముతో చెప్పుటకు తనకు మాట అనుగ్రహింపబడునట్లు ప్రార్థించుడని కోరెను. కనుక వారి విశ్వాసము తప్పిపోకుండునట్లును, ఇంటివద్ద భార్యాబిడ్డలకు అన్నము దొరకునట్లును, కావలివారి హృదయములు కరుగునట్లును వేడుకొనవలెను.

సంఘ పెద్దలకు, కుటుంబ యజమానులకు కొన్ని మనవులు:

1. మాసమునకు ఒక్క దేశమును తీసికొనుడి. ఆ పేరు మందిరపు బోర్డుమీద వ్రాయుడి. సండే స్కూలు పిల్లలచేత పటములో దానిని వెదకించుడి.

2. స్త్రీల సమాజమును, ఉపవాస కూటమును ఒక్కొక్కరిని తలంచి ప్రార్థింపనియ్యుడి. పేరు బయటపడిన కొందరికి అపాయము. అట్టివారిని "ఎరిత్రియ చెరలోని ఆ తల్లి" అని తలంచినను దేవునికి ఆమె పేరు తెలియును.

3. సెల్‌ఫోనులో వచ్చు ప్రతి వార్తను నమ్మి పంపకుడి. రేపే మిషనరీలను చంపబోవుచున్నారను ఒకే సందేశము ఏండ్ల తరబడి తిరుగుచున్నది. అబద్ధము మీద కట్టిన ప్రార్థన నిలువదు.

4. ఈ సంగతులు విని మన ఊరి ముస్లిం పొరుగువారిమీద కోపము పెంచుకొనకుడి. లిబియాలో చేసిన పాపము మన వీధిలో బట్టలు కుట్టుకొను ఆయనది కాదు.

5. ఏటేట నవంబరులో హింసింపబడు సంఘము కొరకు లోకమంతట ప్రార్థనా దినము ఆచరించుచున్నారు. ఆ ఆదివారమున కొంత సమయము కేటాయించుడి. అయితే ఆ ఒక్క దినముతో సరిపెట్టుకొనకుడి.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో మీ పిల్లల పేర్లు చెప్పిన తరువాత, అల్ ఔర్ తల్లులను, ఎరిత్రియ ఖైదీలను కూడ తలంచుడి. వారును మన ఇంటివారే.

ప్రార్థన: తండ్రీ, మేము మరచిన వారిని నీవు మరువలేదు. వారి సంకెళ్ల బరువు మా మోకాళ్లకు తెలియనిమ్ము. శ్రమపెట్టువారికి మారుమనస్సు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.