ఆ పొట్లం ఎక్కడ వండారు?

అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలంలో కైలాసపట్నం అనే ఊరుంది. 2024 ఆగస్టులో అక్కడి ఒక ఆశ్రమంలో ఉంటున్న గిరిజన పిల్లలు బయటి నుంచి వచ్చిన సమోసాలు తిన్నారు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కొందరు ఇళ్లకు వెళ్లిపోయారు, ఇంకొందరిని ఆస్పత్రులకు తరలించారు. ఆగస్టు 19 నాటికి ముగ్గురు పసివాళ్లు చనిపోయారు. ఆ ఆశ్రమానికి అనుమతి లేదన్న సంగతి అప్పుడు బయటికొచ్చింది.

అనుమతి లేదు అనగానే మనవాళ్లకు సగం బరువు దిగిపోతుంది. లెక్కలో లేని హోమ్‌ను మేమెలా తనిఖీ చేస్తామని అధికారి అంటాడు, వినేవాడు కూడా నిజమేనని తలూపుతాడు. కానీ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం అలా అనలేదు. 54వ సెక్షన్ ప్రకారం తనిఖీ కమిటీలు తమ పరిధిలో పిల్లలు ఉండే అన్ని వసతులకూ వెళ్లాలి. మూడు నెలలకు ఒకసారైనా వెళ్లాలి. బృందంలో ముగ్గురికి తక్కువ ఉండకూడదు, వారిలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరి. ‘నమోదైన వసతులు’ అని ఆ వాక్యంలో లేదు. పిల్లలు పడుకునే కప్పు ఏదైనా సరే, దాని కింద ఏం జరుగుతోందో చూడాల్సిందే. అలాంటప్పుడు అనుమతి లేకపోవడం నిర్వాహకుడి నేరమే కాదు, అన్నాళ్లూ ఆ గుమ్మం తొక్కని కమిటీ మీద అభియోగం కూడా. నమోదు చేయించుకోని నిర్వాహకుడికి ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా లేదా రెండూ అని చట్టం రాసింది. వెళ్లి చూడని కమిటీ పేరెత్తిన కేసు నేనైతే వినలేదు.

ఇది ఒక ఊరి సంగతి అనుకోవద్దు. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ దేశంలోని బాలల గృహాలను లెక్క కట్టించి 2018లో నివేదిక ఇచ్చింది. మొత్తం 9,589 గృహాలు తేలితే, వాటిలో ఈ చట్టం కింద నమోదైనవి సుమారు మూడో వంతే.

నియమాలు చూస్తే కొరతేమీ కనిపించదు. ఆ చట్టం కింద వచ్చిన 2016 నాటి ఆదర్శ నియమావళి ఏభై మంది పిల్లలున్న గృహానికి చదరపు అడుగులతో సహా కొలతలిచ్చింది. పాతిక మందికి వెయ్యి చదరపు అడుగుల పడక గది, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పది మందికి ఒక స్నానాల గది, జబ్బుపడిన వారికి వేరే గది. నెలనెలా వైద్య పరీక్ష చేసి ఎత్తు, బరువు రాయాలి. మూడు నెలలకోసారి పళ్లు, కళ్లు, చర్మం చూడాలి. గజ్జి ఒకరికి సోకితే కొన్ని వారాల్లోనే గదంతా గోక్కునే చోట ఆ చర్మ పరీక్ష విలువ ఏమిటో వార్డెన్లకు బాగా తెలుసు. కాగితం మీద మన పిల్లలు భద్రంగానే ఉన్నారు.

అయితే ప్రమాదం చదరపు అడుగుల్లోంచి రాదు, గేటు లోంచి వస్తుంది. పెళ్లి రిసెప్షన్‌లో మిగిలిన బిర్యానీ, పుట్టినరోజు కేకు, కర్మకాండ నాటి గారెలు... అనాథాశ్రమానికి ఏదో ఒకటి పంపి ఆ పూట పుణ్యం మూటగట్టుకోవడం మనకు అలవాటు. ఇందులో నేనూ ముద్దాయినే. మా అమ్మ సంవత్సరీకం నాడు ఒక హోమ్‌కు పులిహోర పొట్లాలు పట్టుకెళ్లాను. ఉదయం ఆరింటికి కలిపిన పులిహోర, మేం చేరేసరికి ఒంటి గంట దాటింది. ఎప్పుడు వండారు, ఎక్కడ వండారు, నీళ్లు ఎక్కడివి అని ఒక్కరూ అడగలేదు. పిల్లలు బాసిపట్లు వేసి వరుసగా కూర్చుని ముక్తకంఠంతో ‘థాంక్యూ సార్’ అన్నారు. ఎన్నోసారి అంటున్నారో తెలియనంత సాధనగా అన్నారు. ఆ రోజు ఏమీ కాలేదు. కాకపోవడం మా అదృష్టం, జాగ్రత్త కాదు.

మిగిలిన ఆహారాన్ని పంచడానికి దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లోనే విడిగా నిబంధనలు తెచ్చింది. పంచే సంస్థలకు నమోదు ఉండాలి, ఆహారం పాడవకుండా నిల్వ చేయాలి. కారు డిక్కీలో గిన్నె పెట్టుకుని వచ్చే దాతకు ఆ నిబంధనల ఊసే తెలియదు. తెలిసినా, దానం చేసే చేతిని ప్రశ్నలడగడం నిర్వాహకుడికి చేతకాదు. అతడి బియ్యం బస్తా కూడా ఆ చేతి నుంచే రావాలి మరి. అందుకే బయట వండిన తిండిని గేటు దగ్గరే ఆపే అధికారం వార్డెన్ మంచితనానికి వదిలేయకుండా తనిఖీ ఫారంలోకి ఎక్కాలి. పండ్లు, పప్పు, నూనె తీసుకోవచ్చు, వండిన కూర తీసుకోరాదు. ఇంత చిన్న వాక్యం చాలు.

తిండి తర్వాత నన్ను భయపెట్టేది వైద్య చరిత్ర. ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లవాడికి సికిల్ సెల్ ఉందో లేదో మైదాన ప్రాంతపు హోమ్‌లో ఎవరికి తెలుస్తుంది? ఆ జబ్బున్న పిల్లలకు ఒంట్లో నీరు తగ్గితే నొప్పులు ముదురుతాయి, విరేచనాలు మిగతా పిల్లలకంటే ఎక్కువ చేటు చేస్తాయి. ఏ టీకా పడింది, ఏ మందు పడదు అన్న వివరం తల్లి తలలో ఉంటుంది. ఆ తల్లికి దూరమైన పిల్లవాడి వెంట ఒక కాగితమైనా ఉండాలి కదా. చేరిన మొదటి రోజు వైద్య పరీక్ష లాంఛనం కాదు, దూరమైన అమ్మ జ్ఞాపకానికి బదులు రాసుకునే చీటీ అది.

అనుమతి ఉంటే అంతా సవ్యమేనా అంటే ముజఫర్‌పుర్ గుర్తు తెచ్చుకోవాలి. బిహార్‌లోని ఆ బాలికా గృహానికి కాగితాలున్నాయి, ప్రభుత్వ నిధులున్నాయి, అధికారులు వచ్చిపోయేవారు. 2018లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఆడిట్ బృందం పిల్లలతో మాట్లాడాకే అక్కడి అత్యాచారాలు వెలుగులోకి వచ్చాయి. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. రిజిస్టర్లు చూసి వెళ్లినవారికి కనపడనిది, పిల్లల పక్కన కూర్చున్నవారికి వినపడింది. తనిఖీ అంటే నా దృష్టిలో నిర్వాహకుడు గదిలో లేనప్పుడు పిల్లలతో గడిపే అరగంట. మిగతాదంతా సంతకం.

ఇక ఇప్పుడు ప్రభుత్వాలు పిల్లల్ని గృహాల నుంచి కుటుంబాలకు మళ్లించాలంటున్నాయి. మంచి ఆలోచనే. ఏభై మంది మధ్య పెరగడంకంటే ఒక ఇంట్లో పెరగడం మేలని ఎవరూ కాదనరు. 2024లో మారిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు ఒంటరి మహిళలకూ, పురుషులకూ పిల్లల్ని సాకే వీలు కల్పించాయి, పురుషులకైతే మగపిల్లల్నే ఇస్తారు. ఐదేళ్లకు బదులు రెండేళ్లు సాకితే దత్తత కోరవచ్చన్నాయి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు నాలుగు వేల రూపాయల సాయం ఉంది. కానీ ఆరోగ్యం, భద్రత చూసేదెవరు? పెంపుడు కుటుంబాన్ని బాలల సంక్షేమ కమిటీ ప్రతి నెలా తనిఖీ చేయాలని జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షన్ చెబుతోంది. జిల్లాకు ఆ కమిటీలో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. నెలలో కనీసం ఇరవై రోజులు వాళ్లు కూర్చుని తప్పిపోయిన పిల్లల, పనిలో పెట్టిన పిల్లల, బాల్య వివాహాల కేసులు వినాలి. మిగిలిన రోజుల్లో ఆదివారాలు తీసేస్తే ఎన్ని ఇళ్లు తిరగగలరు? పెంపుడు ఇళ్లు పదుల్లో ఉన్నంతకాలం ఈ లెక్క బయటపడదు. వందల్లోకి వెళ్లిన నాడు నెలవారీ తనిఖీ ఫోన్ కాల్‌గా, తర్వాత టిక్ మార్క్‌గా మారుతుంది.

నాకు తోచిన దారి ఒకటుంది. ఆరోగ్యానికి సంబంధించినంత వరకు ఆ పని ఆ ఊరి ఏఎన్‌ఎంకు, ఆశా కార్యకర్తకు అప్పగించాలి. వాళ్లు ఎలాగూ ఆ వీధికి వస్తారు. బరువు తూస్తారు, టీకా కార్డు చూస్తారు, పెరట్లో మూతలేని నీళ్ల తొట్టి ఉందా, పురుగుమందు డబ్బా పిల్లలకు అందే ఎత్తులో ఉందా అన్నది వాళ్ల కంటికి తెలుస్తుంది. ప్రభుత్వ జీపు ఇంటి ముందు ఆగితే ‘ఆ పిల్ల బయటి పిల్లట’ అని వీధి గుసగుసలాడుతుంది. ఏఎన్‌ఎం ఆగితే ఎవరూ పట్టించుకోరు, ఆమె అందరి ఇళ్ల ముందూ ఆగుతుంది. పిల్లతో విడిగా మాట్లాడే పని మాత్రం కమిటీదే. అది ఇంకొకరికి అప్పగించేది కాదు. ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు ఇప్పటికే మోయలేనంత పని ఉందన్నది నిజం, ఇంటికింత అని గౌరవ వేతనం పెంచకుండా ఇది అడగడం అన్యాయం కూడా.

ప్రభుత్వం చేసేది చేస్తుంది, చేయనిది చేయదు. ఈలోగా పుట్టినరోజుకో, సంవత్సరీకానికో ఏదైనా హోమ్‌కు వెళ్లేవారికి ఒక మనవి. వండింది తీసుకెళ్లకండి, బియ్యం, కందిపప్పు కొనిచ్చి అక్కడి వంటింట్లో వండించండి, మీరూ ఆ పంక్తిలోనే కూర్చుని తినండి. లోపలికి వెళ్లగానే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని అడగండి. చూపించలేకపోతే, బయటికొచ్చి 1098కి ఫోన్ చేయండి.