సంతానచికిత్స - ఆరోగ్యబీమా

సంతానములేమి పూర్వకర్మఫలమనియు, స్త్రీదోషమే యనియు తలచుట అవివేకము. అది వ్యాధి. దానికి కారణము పురుషునియందును ఉండవచ్చును. పెద్దవారిలో దాదాపు ఆరుగురి కొకరు తమ జీవితమున నెప్పుడో యొకప్పుడు ఈ బాధకు లోనగుచున్నారని ప్రపంచారోగ్యసంస్థ 2023లో ప్రకటించినది.

నేడు చికిత్స లేకపోలేదు. ధనము లేకయే పలువురు నిరాశులగుచున్నారు. ఐ.వి.ఎఫ్. పద్ధతికి ఒక్కొక్క పర్యాయమునకు సాధారణముగా లక్ష రూపాయలకు మించి వ్యయమగును. తొలి ప్రయత్నముననే ఫలించునను నిశ్చయము లేదు. పొలము విక్రయించియు, నగలు కుదువబెట్టియు చికిత్స పొందువారు మన మెరుగనివారు కారు.

ఆరోగ్యబీమా యున్నది గదా యని ధైర్యముతో నుండువారికి ఆశాభంగమే కలుగుచున్నది. బీమా నియంత్రణసంస్థ ఏర్పరచిన మినహాయింపుల పట్టికలో 17వ సంకేతము క్రింద వంధ్యత్వచికిత్స యంతయు చేరియున్నది. 2020లో ప్రవేశపెట్టబడిన ఆరోగ్య సంజీవని పాలసీయందును ఈ నిబంధనయే గలదు. కొన్ని పాలసీలు మాత్రమే దీనిని సడలించి, ఈ వ్యయమును కొంతవరకు భరించుచున్నవి.

కావున పాలసీ కొనువారు ఏజెంటు నోటిమాటను నమ్మక, సమాచారపత్రమును స్వయముగా చదువవలెను. ఎన్ని యేండ్లు గడచిన పిమ్మట ఈ హక్కు ప్రారంభమగును? వయస్సు మీరినకొలది స్త్రీకి గర్భధారణావకాశములు తగ్గును గనుక, దీర్ఘనిరీక్షణ విధించు పాలసీవలన ప్రయోజనము స్వల్పము. బీమామొత్త మెంతయైనను ఈ చికిత్సకు విధించిన పరిమితి యెంత? ఎన్ని ప్రయత్నములకు సొమ్ము చెల్లింతురు? ఆసుపత్రిలో చేరకయే జరుగు పరీక్షలకును, సూదిమందులకును చెల్లింతురా? భర్తకు చేయు చికిత్సయు అందు చేరినదా? వీనికి వ్రాతమూలమున సమాధానము పొందవలెను. పూర్వము పొందిన చికిత్సను దాచిపెట్టరాదు. దాచినచో క్లెయిము త్రోసివేయబడవచ్చును. పాలసీ చేతికందిన 30 దినములలో, నచ్చనిచో మరల నిచ్చివేయు హక్కును 2024 నిబంధనలు కల్పించినవి. ఉద్యోగమునకు సంబంధించిన సామూహిక బీమాపై ఆధారపడువారు, ఉద్యోగముతో పాటు అదియు పోవునని గుర్తింపవలెను.

ప్రజల జాగరూకత యొక్కటియే చాలదు. 2021లో చేయబడిన శాసనములు అండదాతకు 12 నెలలును, పరులకొరకు గర్భము ధరించు స్త్రీకి 36 నెలలును బీమా కల్పించవలెనని విధించినవి. అది న్యాయమే. ఆ బీమా వ్యయమును భరించువారు సంతానార్థులైన దంపతులే. వారి చికిత్సకు మాత్రము బీమా లేదు! చికిత్సాలయములకు శాసనము చేసిన ప్రభుత్వము, ఆ చికిత్సను ధనవంతులకే విడిచిపెట్టుట తగదు. ప్రతి ఆరోగ్యపాలసీయందును కనీస మొక ప్రయత్నమునకైన వ్యయము చేర్చునట్లు నియంత్రణసంస్థ నిబంధించవలెనని మేము కోరుచున్నాము. ప్రీమియము స్వల్పముగా పెరుగవచ్చును. పలువురి భారమును పంచుకొనుటయే గదా బీమాకు ధర్మము.