బదిలీ వేరు, ఊరు పోవడం వేరు

"మనకు మూడేళ్ళకోసారి బదిలీ అవుతుంది. సామాను కట్టుకుని వెళ్ళిపోవడం లేదా? వాళ్ళకు మాత్రం అంత కష్టమేమిటి?" హస్‌దేవ్ అడవిలో బొగ్గు గని వద్దంటున్న ఊళ్ళ సంగతి వచ్చినప్పుడల్లా మన కాలనీల్లో వినబడే మాట ఇది. పెద్దవాళ్ళు అంటారు, స్కూలు బస్సులో మన తోటివాళ్ళూ అంటారు. ఈ మాట తప్పని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

ముందు ఆ ఊళ్ళ సంగతి. హస్‌దేవ్ అరణ్యం మన ఛత్తీస్‌గఢ్‌కు ఉత్తరాన కోర్బా, సర్గుజా, సూరజ్‌పూర్ జిల్లాల్లో ఉంది. నేల కింద బొగ్గు. పైన సాల చెట్లు, ఏనుగులు, గోండుల ఊళ్ళు. 2013 నుంచి అక్కడ ఒక పెద్ద గని నడుస్తోంది. ఆ బొగ్గు రాజస్థాన్ ప్రభుత్వ విద్యుత్ సంస్థది. (కోటాలో కోచింగ్‌కు వెళ్ళిన మన అన్నయ్యలు, అక్కయ్యలు చదువుకునేది ఆ రాష్ట్రపు కరెంటు కిందే.) దాని పక్కనే పర్సా అనే మరో గని తవ్వాలని నిర్ణయించారు. 2021 అక్టోబరు 4న దాదాపు 350 మంది గ్రామస్థులు సర్గుజా జిల్లా ఫతేపూర్ నుంచి బయలుదేరి, సుమారు 300 కిలోమీటర్లు నడిచి, 13వ తేదీకి రాయ్‌పూర్ చేరారు. గవర్నరును కలిశారు. పర్సా గనికి గ్రామసభలు ఒప్పుకున్నట్టు చూపించిన కాగితాలు నిజమైనవి కావు, విచారణ జరపండి అని అడిగారు. వాళ్ళు రాయ్‌పూర్ చేరిన ఎనిమిది రోజులకు, 21న, కేంద్ర పర్యావరణ శాఖ ఆ గనికి తుది అటవీ అనుమతి ఇచ్చింది.

మోవా మీదుగా వెళ్ళే విధానసభ రోడ్డు మనందరికీ తెలుసు. ఆ రోడ్డు మీది అప్పటి అసెంబ్లీ భవనంలోనే 2022 జూలై 26న, హస్‌దేవ్‌లో కేటాయించిన బొగ్గు బ్లాకులన్నీ రద్దు చేయాలని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అన్ని పార్టీలూ ఒక్కమాట మీదికి రావడం ఎంత అరుదో సివిక్స్ చదివే వాళ్ళకు చెప్పక్కర్లేదు. అయినా 2024 అక్టోబరులో పర్సా కోసం చెట్లు కొట్టడం మొదలైంది. పోలీసులకూ గ్రామస్థులకూ ఘర్షణ జరిగి ఇరువైపులా గాయపడ్డారు.

ఇప్పుడు బదిలీ మాటకు వద్దాం. దాని సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆర్డరు వస్తుంది. ఎక్కడికి వెళ్ళాలో అందులోనే రాసి ఉంటుంది. సామాను లారీకి డబ్బులిస్తారు, చేరడానికి గడువిస్తారు. ఏడాది మధ్యలో వెళ్ళినా టీసీ చూపిస్తే అక్కడి కేంద్రీయ విద్యాలయంలో చేర్చుకుంటారు. అవే పుస్తకాలు, అదే ప్రార్థన, అదే యూనిఫాం. స్నేహితులు దూరమవుతారు, మొదటి నెల ఏడుపొస్తుంది, అది నిజమే. కానీ నాన్నగారి జీతం ఆగదు, అమ్మగారిది ఉద్యోగమైతే ఆమెదీ ఆగదు. ఆ ఊళ్ళవాళ్ళ జీతం అడవిలోనే ఉంది. ఎండలు ముదిరే ముందు రాలే ఇప్పపువ్వు, వేసవిలో కోసే తునికాకు, ఆ తర్వాత సాల గింజలు. ఇక్కడివాళ్ళు మహువా, తేందూ అంటారు. మన అమ్మమ్మలు ఇప్ప, తునికి అంటారు. చెట్లు మాత్రం అవే. వాటిని ఏ లారీలోకి ఎక్కిస్తారు?

మన అడ్మిషన్ ఫారంలో రెండు గడులుంటాయి. ఒకటి ప్రస్తుత చిరునామా, ఒకటి శాశ్వత చిరునామా. మొదటి దాంట్లో మోవా అని రాస్తాం. రెండో దాంట్లో తాతగారి ఊరు రాస్తాం: పార్వతీపురం పక్కనో, తెనాలి దగ్గరో, కరీంనగర్ జిల్లాలోనో ఒక ఊరు. మొదటి గడిని ఎన్నిసార్లు కొట్టేసి రాసినా రెండోది మారదు. ఎక్కడికి పోయినా సంక్రాంతికి వెళ్ళడానికి ఒక ఇల్లు ఉందన్న ధైర్యంతోనే మనం ఇన్ని ఊళ్ళు తిరుగుతున్నాం. హస్‌దేవ్ ఊళ్ళవాళ్ళకు రెండు గడుల్లోనూ ఒకటే ఊరు. గని వస్తే రెండూ ఒకేసారి ఖాళీ అవుతాయి. మన తాతగారి ఊరి కింద బొగ్గు ఉందని రేపు ఎవరైనా వచ్చి చెబితే, "సామాను కట్టుకుని వెళ్ళిపోదాం" అని మనం అంటామా? తాతగారితో ఆ మాట అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

గనులే వద్దని మేము అనడం లేదు. మన కుటుంబాల్లో కొందరిది రైల్వే, కొందరిది ఉక్కు, కొందరిది విద్యుత్తు. పట్టాల మీద పోయే బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టడం మనకు చిన్నప్పటి ఆట. మోవా నుంచి బలౌదా బజార్ రోడ్డు పట్టుకుని పోతే సిమెంటు ఫ్యాక్టరీలు వస్తాయి. వాటి వెనకాల సున్నపురాయి క్వారీలు ఉంటాయి. మన తరగతి గది గోడలు కూడా ఎక్కడో తవ్విన గుంటలోంచి వచ్చినవే. తవ్వే ముందు ఆ ఊరిని నిజంగా అడిగారా లేదా అన్నదే మా ప్రశ్న.

నిజంగా అడగడం ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. సెలవులకు విశాఖ వైపు రైలెక్కే వాళ్ళకు టిట్లాగఢ్ దాటాక మునిగుడ స్టేషను వస్తుంది. అటువైపు ఉన్నవే నియమగిరి కొండలు. డోంగ్రియా కోంధులు తమ దేవుడుగా కొలిచే కొండలు అవి. అక్కడ బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది ముందు గ్రామసభల ముందు పెట్టాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు ఇచ్చింది. ప్రతి సభకూ జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా ఉండాలంది. ఆ జూలై, ఆగస్టుల్లో 12 ఊళ్ళలో సభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. పన్నెండు చిన్న ఊళ్ళ కోసం అంత పెద్ద పరిశ్రమ ఆగాలా అని అడిగేవాళ్ళున్నారు. ఆ ప్రశ్నలో బలం లేదని మేము అనం. కానీ జడ్జి ఎదుట జరిగిన సభ గురించి, ఆ సంతకం నాది కాదని ఎవరూ అనలేరు. గనికి అనుకూలంగా తీర్మానం వచ్చినా అంతే, అప్పుడు కంపెనీకీ అదే రక్ష. పర్సాలో అలాంటి సభ ఒకటి జరిగి ఉంటే ఆ 300 కిలోమీటర్ల నడక అవసరమయ్యేది కాదేమో.

మన తెలుగు నేల మీద ఇంకా పాత కేసు ఒకటుంది. బొర్రా గుహలకు చాలామందిమి వెళ్ళాం, ఫొటోలు దిగాం. ఆ చుట్టుపక్కల అనంతగిరి కొండల్లో కాల్సైట్ తవ్వకాలకు ఇచ్చిన లీజుల మీద గిరిజనుల తరఫున సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతర వ్యక్తులకు బదిలీ చేయకూడదన్న చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, కాబట్టి ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని చెప్పింది. ముగ్గురు జడ్జిల్లో ఇద్దరి మాట అది. ప్రభుత్వం కూడా చట్టంలో ఒక "వ్యక్తి" అని చదివినప్పుడు మాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది, కేసంతా ఆ ఒక్క పదం మీదే నిలబడిందని.

అయితే ఆ తీర్పు ఆంధ్రప్రదేశ్ చట్టం మీద వచ్చింది. 2001 డిసెంబరులో బాల్కో కేసు తీర్పు చెబుతూ, ఇక్కడి భూచట్టం వేరు కనుక సమత తీర్పు ఇక్కడికి వర్తించదని సుప్రీంకోర్టే అంది. బాల్కో ఉన్నది కోర్బాలో, హస్‌దేవ్ అడవి ఉన్న జిల్లాల్లో ఒకటి అది. మనం ఒక రాత్రి రైల్లో ఆ రాష్ట్రం నుంచి ఈ రాష్ట్రానికి వస్తే మన సిలబస్‌లో ఒక్క పాఠం మారదు. అడవిలో ఉండే కుటుంబానికి మాత్రం సరిహద్దుకు అటు ఒక హక్కు, ఇటు ఇంకొకటి. దేశమంతా ఒకటే స్కూలు నడపగలిగినప్పుడు దేశమంతా ఒకటే రక్షణ ఎందుకు ఉండకూడదో మాకు అర్థం కావడం లేదు.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం గ్రామసభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. ఆ లెక్క ప్రకారమే, ఒక జిల్లా జడ్జి ఎదుట, గోండిలోనో సర్గుజియాలోనో ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు మాట్లాడేలా, పర్సా ఊళ్ళలో మళ్ళీ సభలు పెట్టాలి. అప్పటిదాకా గొడ్డలి పక్కన పెట్టాలి.