మూసీ ఒడ్డుకు సోకులు సరే, ఎగువ నేల సంగతేంటి?

2025 సెప్టెంబర్ చివర్లో హైదరాబాద్ మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి మూసీ నీళ్లు వచ్చాయి. ఎగువన కురిసిన భారీ వానలకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. బస్టాండ్‌లో చిక్కుకున్న ప్రయాణికులను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. చాదర్‌ఘాట్, మూసానగర్ బస్తీలు మళ్లీ మునిగాయి. ప్రతి వరద తర్వాత వినిపించే మాటే ఈసారీ వినిపించింది: నది ఒడ్డున ఇళ్లు కట్టుకుంటే ఇంతే కదా అని. అందులో నిజం లేదని కాదు, కానీ అది సగం నిజం. ఆ నీళ్లు బస్తీలో పుట్టలేదు.

మూసీ వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుడుతుంది. నగరంలోకి రాకముందే వందల వాగులు, కుంటల నీళ్లు దానిలో, దాని ఉపనది ఈసీలో కలుస్తాయి. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరద పాతబస్తీని ఊడ్చేసింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని నేటికీ చెప్పుకుంటారు. ఆ విషాదం తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతోనే మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. అంటే ఈ రెండూ మొదట కట్టింది వరదను ఆపడానికి. తాగునీళ్లు దాంతోపాటు దొరికిన మేలు.

ఈ తేడా చిన్నదేం కాదు. జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలపై ఆంక్షలు పెట్టారు. ఆ ఇలాకాలో ఒక నూనె ఫ్యాక్టరీకి ఇచ్చిన మినహాయింపును 2000లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కానీ 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించారు, 2023 మేలో జీవో 111 మొత్తం ఎత్తేస్తామని అప్పటి మంత్రివర్గం ప్రకటించింది. చెప్పిన కారణం ఒక్కటే: నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, ఈ చెరువుల మీద ఆధారం తగ్గింది. తాగునీటి లెక్కలో అది సరైన మాటే. మరి వరద లెక్క? పొలం, గడ్డి, కుంటలున్న నేల వాన నీటిని పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది. అదే నేల లేఅవుటై సిమెంటు పరుచుకుంటే నీళ్లు గంటల్లోనే జలాశయానికి చేరతాయి, గేట్లు ఎత్తక తప్పదు. దీనికి తోడు మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి ఈ జలాశయాలు నింపే పథకానికి 2025 సెప్టెంబర్‌లోనే శంకుస్థాపన జరిగింది. ముందే నిండుగా ఉన్న చెరువులో వరదకు చోటెక్కడిది? వానాకాలంలో ఎంత ఖాళీ ఉంచుతారన్నది ముందే తేల్చుకోవాల్సిన విషయం.

మూసీ సుందరీకరణ మాత్రం నార్సింగి నుంచి గౌరెల్లి వరకు 55 కిలోమీటర్ల చుట్టూనే తిరుగుతోంది. 2024 సెప్టెంబర్‌లో సర్వే బృందాలు వచ్చి చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్లపై ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసి వెళ్లాయి. అక్టోబర్‌లో కూల్చివేతలు మొదలయ్యాయి. కొందరికి డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఇచ్చారు. ఇల్లు దొరికినా రోజు కూలీ, పిల్లల బడి, పక్కనే ఉండే దుకాణం ఒక్క రోజులో వెంట రావు. నది జాగాలో ఇల్లు ఉండకూడదన్న నియమం బస్తీలో గరీబుకు వర్తించినప్పుడు ఎగువన వాగును పూడ్చిన ఫామ్‌హౌస్‌కూ అంతే గట్టిగా వర్తించాలి.

84 గ్రామాల రైతుల బాధ కూడా వినాల్సిందే. ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఎకరం కోట్లు పలుకుతుంటే తమ పట్టా భూమికి మాత్రం ధర రాలేదని వాళ్లు పాతికేళ్లుగా అంటున్నారు. నగరాన్ని వరద నుంచి కాపాడే బరువు వాళ్ల ఒక్కరి మీదే మోపడం న్యాయం కాదు. న్యూయార్క్ నగరం 1997లో తన నీళ్లు వచ్చే కొండ ప్రాంత గ్రామాలతో ఒప్పందం చేసుకుంది. అమ్ముకోవడానికి ఇష్టపడినవాళ్ల దగ్గరే భూమి కొన్నది, వాగుల ఒడ్డు కాపాడే రైతులకు డబ్బు ఇచ్చింది. వేల కోట్ల ఖర్చయ్యే నీటిశుద్ధి కర్మాగారం కట్టుకునే అవసరం తప్పింది. మనకూ రోడ్ల విస్తరణలో భూమి ఇచ్చినవాళ్లకు టీడీఆర్ ఇచ్చే పద్ధతి ఉంది. వాగు పక్క పొలాన్ని పొలంగానే ఉంచే రైతుకు దాన్ని వర్తింపజేయడానికి అడ్డేమిటి?

నడక దారులు, సైకిల్ ట్రాక్‌ల ముచ్చటా ఇక్కడే వస్తుంది. 2023 అక్టోబర్‌లో ఔటర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ తెరిచారు. బాగుంది, కానీ అది రోడ్డును పట్టుకుని పోతుంది, నీటిని కాదు. ఈసీ, మూసీ వాగుల వెంట చెట్లతో, మట్టి బాటతో ఒక పట్టీ వదిలి, దాన్ని చిలుకూరు మృగవని మీదుగా అనంతగిరి దాకా కలిపితే? జనం రోజూ నడిచే చోట కబ్జా చేయడం అంత తేలిక కాదు. పది మంది కళ్లు పడే జాగా తనను తానే కాపాడుకుంటుంది. నగరంలోనూ ఒడ్డున పచ్చని బాట వేయొచ్చు, అయితే అది టికెట్ కొనేవాళ్లకే కాకుండా పక్క బస్తీ పిల్లలకూ తెరిచి ఉండాలి.

పైన మాత్రం జరుగుతున్నది వేరు. వికారాబాద్ దామగుండం అడవిలో నౌకాదళ రాడార్ కేంద్రానికి సుమారు 2,900 ఎకరాలు ఇచ్చారు, 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన అయింది. దేశ రక్షణ అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ మూసీ పుట్టే కొండల్లో అడవి తగ్గితే కింద నీటి తీరు ఎలా మారుతుందన్న లెక్క సుందరీకరణ పటంలో ఉండాలి. వచ్చే వానాకాలానికి ముందే ఆ పటాన్ని వికారాబాద్ దాకా పొడిగించి, ఏ వాగుకు ఎన్ని మీటర్లు వదులుతున్నారో ఊరూరా తెలుగులో, ఉర్దూలో అంటించాలి. మూసానగర్ గోడల మీద గుర్తులు వేయడానికి వచ్చిన సర్వే బృందాలకు శంకర్‌పల్లి, మొయినాబాద్ దారి తెలియనిది కాదు.